పసుపు పలక వంతు

ఇన్నేళ్లుగా నేను ఒకటి మోస్తున్నాను. పసుపు బస్తా ఎత్తుకున్నవాడికి దాన్ని ఎక్కడ దించాలో తెలిసి ఉంటుంది. దీన్ని దించే చోటు నాకు దొరకలేదు. అక్కకు చెప్పలేదు. భార్యకు చెప్పలేదు. తాగితే నోరు జారుతుందేమోనని తాగడమే మానేశాను. ఇంట్లో అందరూ అదొక మంచి మార్పు అనుకున్నారు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇది చెప్పుకోవడానికి అంతకంటే మంచి చుట్టరికం ఉండదు.

ముందే ఒక మాట. నేను కళ్లు తుడుచుకుంటూ రాస్తున్నానని అనుకోవద్దు. కోపం ఇంకా ఉంది. గంగారాం అని పేరు రాస్తుంటేనే పళ్లు బిగుసుకుంటున్నాయి. ఎవరికి అన్యాయం చేశాడో ఆ మనిషి మీద కోపం చల్లారనివాడు ఒప్పుకున్నదాన్ని ఒప్పుకోలు అంటారా? నాకు తెలియదు. చల్లారాక చెబుదామని ఇన్నాళ్లు ఆగాను. చల్లారలేదు.

గంగారాంది ఆర్మూరే, నాదీ ఆర్మూరే. వాడు నాకంటే కొంచెం పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, వాడు తమ్మీ అనేవాడు. ఇద్దరం ఒకే కాంట్రాక్టర్ కింద గల్ఫ్‌లో ఒక చిన్న రేవు పట్నానికి పోయాం. ఏ దేశమో చెప్పను. బాల్కొండ బస్సులో ఎక్కినవాళ్లలో సగం మందిని అడిగితే ఇట్లాంటి రేవు పేరు ఏదో ఒకటి చెప్పగలరు. వాడు కాంట్రాక్టర్ వ్యాను నడిపేవాడు. నేను గస్తీ పడవలు కడిగేవాణ్ని. ఒకే గదిలో ఉండేవాళ్లం. గదికంతటికీ సెల్‌ఫోను ఒక్కటే. అది గంగారాంది. మా ఇంటివాళ్ల దగ్గరున్నది కూడా ఆ నంబరే.

ఇప్పుడు పడవల సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు.

ఆ రేవులో కాపలా కాయాల్సిన శాఖలు మూడు: కస్టమ్స్, పోలీసు, కోస్ట్ గార్డ్. పడవలు రెండే. అందులో ఒకటి ఎప్పుడూ మరమ్మతులో ఉండేది కాబట్టి తిరిగేది ఒక్కటే అనుకోండి. మన దగ్గర వేరుపడ్డ అన్నదమ్ములు ఒకే బాయి నీళ్లను వంతులు వేసుకుంటారు కదా, అచ్చం అట్లాగే ఆ ముగ్గురూ ఆ పడవను వంతులు వేసుకున్నారు. వాళ్ల వారం శనివారంతో మొదలవుతుంది. శనివారం నుంచి సోమవారం దాకా కస్టమ్స్ వంతు. తర్వాత పోలీసులది. చివరికి కోస్ట్ గార్డ్‌ది. పడవ నడిపేవాడు మారడు, పడవ మారదు, ఎక్కే దొరలు మారతారు. వంతు అయిపోయేసరికి డీజిల్ ట్యాంకు ఎండగొట్టి పక్క శాఖకు అప్పగించడం ముగ్గురికీ ఉన్న మంచి అలవాటు. దాని మీద రేవు గట్టున వాళ్లు అరుచుకుంటుంటే మేము మూతులు దాచుకుని నవ్వేవాళ్లం. పెద్ద దేశాల సర్కారులు కూడా బాయి కాడ కొట్లాడుకుంటాయని నాకు అక్కడే తెలిసింది.

పడవ ఇవాళ ఎవరిదో దూరం నుంచి తెలియాలి కాబట్టి దానికి రెండు పక్కలా రంగు పలకలు తగిలించేవాళ్లు. కస్టమ్స్‌కు పసుపు, పోలీసులకు నీలం, కోస్ట్ గార్డ్‌కు ఎరుపు. ఆ పలకలు మార్చడం నా పని. పాతవి ఊడదీసి, ఉప్పు కడిగి, కొత్తవి తగిలించాలి.

ఎవరి వంతు అన్నది ఎందుకంత ముఖ్యమంటే, ఒక్కో శాఖ ఒక్కోటే చూసేది. కస్టమ్స్ వాళ్లు సరుకు చూస్తారు. లాంచి ఆపి, బస్తాల్లో ఇనుప చువ్వ గుచ్చి, కాగితం మీద ఉన్నదీ బస్తాలో ఉన్నదీ ఒకటే అయితే పొమ్మంటారు. ఆ బస్తాల పక్కన లుంగీ కట్టుకుని నిలబడ్డవాడు ఎవడో వాళ్లకు పట్టదు. మనుషులను లెక్కపెట్టడం పోలీసుల పని. పోలీసులకేమో బస్తాలు పట్టవు, తలలు లెక్కపెట్టి కాగితాలు అడుగుతారు. అందుకే మనవాళ్లలో ఖల్లివల్లి అయినవాళ్లు, అంటే పని ఇచ్చిన యజమాని దగ్గర నుంచి పారిపోయి కాగితాలు లేకుండా బతుకుతున్నవాళ్లు, ఇంటికి పోవాలంటే పసుపు పలక రోజు చూసుకుని మన దేశం దిక్కు వచ్చే సరుకు లాంచి ఎక్కేవాళ్లు. మేము దాన్ని ‘పసుపు’ అనే అనుకునేవాళ్లం. ఎవరైనా విన్నా ఆర్మూర్ మనుషులు పసుపు గురించి మాట్లాడుకుంటే అనుమానం ఏముంటుంది.

ఇక మా అమ్మ సంగతి.

మా అమ్మ ఎండాకాలంలో పోయింది. పొద్దున పసుపు ఆరబెట్టిన కల్లంలో కూలబడి, లేవలేదు. అక్క గంగారాం ఫోనుకు చేసింది. వాడు ఎత్తాడు. విన్నాడు. అప్పటికి వాడికి సెలవు మంజూరై ఉంది, టికెట్ చేతిలో ఉంది. గదికి ఒక్కరే సెలవు మీద పోవాలన్నది కాంట్రాక్టర్ పెట్టిన నియమం. తల్లి చచ్చిందంటే నన్ను పంపి వాణ్ని ఆపుతాడు. అందుకని వాడు నాకు చెప్పలేదు. అక్కకు మాత్రం చెప్పాడు, సెలవు దొరకలేదట, మీరు కానియ్యమన్నాడు అని. నేను ఆ పూట పడవ అడుగున పాకుడు గీకుతున్నాను.

నేను ఒక్కణ్నే కొడుకుని. మా బావ తలకొరివి పెట్టాడు.

అంతటితో ఆగితే నేను వాణ్ని ఏనాడో వదిలేసేవాణ్నేమో. ఏమో, వదిలేవాణ్ని కాదేమో. కానీ వాడు ఆగలేదు. ఆ రాత్రి నా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. నాలుగు రోజులు అట్లాగే తిన్నాడు. తర్వాత విమానం ఎక్కి ఆర్మూర్ వచ్చాడు. మా అమ్మ దినాలకు మా ఇంటికి వచ్చాడు. ‘తమ్మి నన్ను పొమ్మన్నడు, తన బదులు నన్ను ఉండమన్నడు’ అని పదిమందిలో చెప్పి, బంతిలో కూర్చుని మా అమ్మ పేరున వండిన అన్నం తిని చేయి కడుక్కున్నాడు. వాడు పోయేటప్పుడు ఫోను గదిలో ఇంకొకడికి ఇచ్చి పోయాడు. దినాలు అయిపోయాక అక్క మళ్లీ చేస్తే అప్పుడు నాకు తెలిసింది. అక్క హలో కూడా అనలేదు. ‘గంత ఏమొచ్చింది రా నీకు, దినాలకన్న రాలేదు’ అంది. నాకు ఏ దినాలో అర్థం కాలేదు.

వాడు మళ్లీ ఆ గదికి రాలేదు. ఇంకో వీసా మీద ఇంకో కంపెనీకి పోయాడు. నేను గడువు అయ్యేదాకా పలకలు మార్చి, ఆర్మూర్ వచ్చి, పసుపు పాలిష్ పట్టే డ్రమ్ముల దగ్గర పనికి కుదిరాను. అసలు జరిగింది అక్కకు చెబితే నమ్మింది. ఊరు నమ్మలేదు. ఊరు ఏది ముందు వింటే అదే నమ్ముతుంది. ‘తల్లి సచ్చినా రానోడు’ అని సిద్ధుల గుట్ట కింద హోటల్లో ఒకడు నా వెనక అన్నాడు. నేను ఛాయ్ సగంలో వదిలేసి వచ్చాను. అదే రోజు అనుకున్నాను, గంగారాం ఏనాటికైనా నా చేతికి దొరుకుతాడని. ఎట్లా దొరుకుతాడో తెలియదు. దొరుకుతాడని మాత్రం తెలుసు. డ్రమ్ము తిరుగుతుంటే పసుపు కొమ్ముల చప్పుడులో నేను వాణ్ని ఎన్ని రకాలుగా తిట్టేవాణ్నో పక్కవాడికి వినిపించేది కాదు. ఒక్కోసారి కొట్టేవాణ్ని. ఒక్కోసారి వాడు బతిమాలుకునేవాడు, నేను వినేవాణ్ని కాదు. ఆ ఊహలు నాకు తిండి కంటే ఎక్కువ బలం ఇచ్చాయి. సిగ్గులేకుండా చెబుతున్నాను.

దొరికాడు.

రెండు మూడేళ్లు గడిచాయి. గంగారాం ఆ కొత్త కంపెనీ నుంచి పారిపోయి ఖల్లివల్లి అయ్యాడని తెలిసింది. ఆ ఏడు పసుపు సీజన్‌లో వాడి తల్లి నర్సవ్వ మంచాన పడింది. నిజామాబాద్ దవాఖానలో చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. వాడూ ఒక్కడే కొడుకు.

ఒక శనివారం మధ్యాహ్నం డ్రమ్ముల పక్కనున్న కిరాణా కొట్టు నుంచి గల్ఫ్ ఫోను అని కేక వేశారు. ఆ కొట్లో గల్ఫ్‌కు కూడా చేసుకునే ఎర్ర ఫోను ఉండేది. చేతులు తుడుచుకోకుండానే పోయి ఎత్తాను. రిసీవరంతా పసుపు అయింది. కొట్లో ఆలూర్ నుంచి వచ్చిన రైతు ఒకాయన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

“తమ్మీ, నేను గంగారాంను.”

రిసీవర్ ఇంకో చెవికి మార్చాను.

“అవ్వకు మస్తు బాగలేదట గదా. నీకెర్కనేనా?”

“ఎర్కే. నిన్న పోయి చూసొచ్చిన.”

“ఎట్లుంది? నేనొచ్చేదాంక ఉంటదంటవా?”

“జల్ది రా మరి.”

“గందుకే జేసిన. నాకు కాయిదాలు లెవ్వు తమ్మీ. ఖర్జూరపండ్ల లాంచి ఒకటి దొరికింది. సరుకు కాయిదాలు సక్కగనే ఉన్నయి. నీ రోజు నువ్వే చూసుకో, నేను వారమంత రేవులనే ఉంట అన్నడు లాంచాయన. నేను రేవు దిక్కు పోలేను. ఆడ ఇప్పుడు కడుగుడు పనిల మనోళ్లు లేరు, ఎవణ్ని అడిగినా పట్టిస్తడు. నువ్వే చెప్పాలె. పసుపు ఎన్నడు?”

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నా నోట్లో సోమవారం అన్న మాట ఉంది. నిజంగానే ఉంది. నేను వాణ్ని ద్వేషిస్తున్నాను, అయినా నాలుక మీదికి వచ్చింది సోమవారమే. ముందు రోజు నర్సవ్వను చూసి వచ్చినందుకో, తల్లి కోసం ఆరాటపడే గొంతు ఎట్లా ఉంటుందో అప్పుడే మొదటిసారి విన్నందుకో. నాకు అట్లా ఆరాటపడే అవకాశం కూడా వాడు ఇవ్వలేదు కదా. నేను ఊపిరి తీసుకున్నాను. ఆ ఊపిరి తీసుకునేంతలో వాడు నేను సందేహిస్తున్నాననుకున్నాడు.

“నీ మనసుల ఏమన్న ఉంటె, గా ముచ్చట ఇప్పుడు ఇడిశిపెట్టు తమ్మీ” అన్నాడు.

గా ముచ్చట.

మా దగ్గర ముచ్చట అంటే ఏదైనా ముచ్చటే. పెళ్లి ముచ్చట, పొలం ముచ్చట, చావు ముచ్చట. ఆ మాటలో తప్పేమీ లేదు. నేనూ రోజుకు పదిసార్లు వాడతాను. అది నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. కానీ ఆ క్షణాన మా అమ్మ కల్లంలో కూలబడింది ముచ్చట అయింది, బావ నా బదులు కుండ పట్టుకుని తిరిగింది ముచ్చట అయింది, హోటల్లో నా వెనక అన్నది ముచ్చట అయింది. వాడు క్షమించమని అనలేదు. ఇడిశిపెట్టమన్నాడు.

“మంగళారం” అన్నాను.

“మంగళారమా? అప్పట్ల సోమారం దాంకనే ఉండే అని ఇన్నట్టుంది.”

“వంతు మారిందట. మొన్ననే తెల్సింది. మంగళారం పసుపు.”

“పక్కానా తమ్మీ?”

“పక్కా.”

“నీ రుణం ఉంచుకోను” అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఏ వంతూ మారలేదు. మంగళవారం పొద్దున నీలం పలక ఎక్కుతుంది. పోలీసుల వంతు మొదలయ్యేదే మంగళవారం. ఆ ముందురోజు దాకా కస్టమ్స్ వాళ్లు వదిలేసిన మనుషులందరినీ లెక్కపెట్టుకోవడానికి ఉషారుగా బయల్దేరే రోజు అది. ఆ రేవు మొత్తం మీద అంతకంటే చెడ్డ రోజు లేదు. ఏదో ఒక తప్పు రోజు చెప్పలేదు నేను. ఏరి చెప్పాను.

బీడీ కాలుస్తున్న రైతు అడిగాడు, “మంగళారం యాడ పసుపు తమ్మీ, నిజామాబాద్‌లనా?” దూరమని చెప్పాను. “రేటెట్లుందట?” అన్నాడు. బాగుందన్నాను. డ్రమ్ము దగ్గరికి నడుస్తుంటే నవ్వు వచ్చింది. దాచడం దేనికి, లోపలి నుంచి వచ్చిన నవ్వు. అంత తేలిగ్గా నేను ఆ మూడేళ్లలో నడవలేదు.

ఆదివారం కూడా అట్లాగే గడిచింది. వాడు రేవు పక్కన ఏ షెడ్డులోనో దాక్కుని మంగళవారం కోసం చూస్తూ ఉంటాడని తలచుకుంటూ గడిపాను. నేను చేసిందేముంది, ఒక రోజు పేరు చెప్పాను, పట్టుకునేవాళ్లు పోలీసులు, అది వాళ్ల వంతు, వాళ్ల పని అనుకున్నాను. ఆ మూడు శాఖల దగ్గర నేను నేర్చుకున్నది ఇదే. ఎవరి వంతు వాళ్లది. పక్కవాడి వంతులో జరిగింది మనకు అంటదు. గంగారాం కూడా ఇట్లాగే అనుకుని ఉంటాడు కదా, ఫోను ఎత్తడం వరకే నా పని, చెప్పడం నా వంతు కాదు అని? ఆ ఆలోచన వచ్చినప్పుడు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. తోసేశాను.

సోమవారం పొద్దున నర్సవ్వ కబురు పెట్టింది. పెర్కిట్ దిక్కున వాళ్ల ఇల్లు. పోయాను. మనిషి మంచంలో ఒక గుడ్డ ముక్కలాగా ఉంది. నన్ను పక్కన కూర్చోమంది. నా పసుపు చేతిని తన చేతిలోకి తీసుకుంది. కోడలు బయట వంట చేస్తోంది.

“నా కొడుకు నీకు చేసింది నాకెర్కనే బిడ్డా. నా ముంగటనే ఒప్పుకున్నడు. మీ అవ్వకు నిన్ను అందనియ్యలేదు. మంచి పని గాదది. ఆడు రానీ, నీ కాళ్ల మీద ఏపిస్త. గది చూసినంకనే నేను పోత.”

నేను ఏం మాట్లాడానో తెలుసా మీకు? “రేపు బయల్దేరుతుండు అవ్వా” అన్నాను.

ఆమె ముఖం ఎట్లా అయిందో నేను రాయలేను. రాయను.

ఇదండీ నేను మోస్తున్నది. గంగారాంకు అబద్ధం చెప్పడం కాదు. వాడికి చెప్పిన అబద్ధాన్ని ఇవాళ మళ్లీ చెప్పమన్నా చెబుతానేమో. కానీ ఆ సోమవారం పొద్దున ఆ ముసలామె తన కొడుకు తప్పు తానే ఒప్పుకుంది. నాకు ఆ మూడేళ్లలో ఎవరూ ఇవ్వనిది ఇచ్చింది. ఆ పూట పడవకు ఇంకా పసుపు పలకే ఉంది. గంగారాం చేసిన నంబరు కొట్టువాడు తన ఫోను మీద చూసి రాసిపెట్టుకున్నాడు. ఆ నంబరుకు చేసి, తప్పు చెప్పాను, ఇవాళే పో అంటే సరిపోయేది. నేను కొట్టు దాకా వచ్చాను. రిసీవర్ ఎత్తాను. దాని మీద నా పసుపు వేళ్ల ముద్రలు శనివారం నాటివి ఇంకా ఉన్నాయి. కొట్టువాడు తుడవలేదు. నంబరు కొట్టడం మొదలుపెట్టాను. సగంలో ఏం గుర్తొచ్చింది? దినాల బంతి గుర్తొచ్చింది. వాడు ఏ కూర మళ్లీ వేయించుకున్నాడో అక్క చెప్పింది నాకు. వంకాయ. ఆ వంకాయ కూర గుర్తొచ్చి పెట్టేశాను.

ఒక మనిషి బతుకు వంకాయ కూర మీద తేలిపోతుందా అంటే, తేలిపోతుంది. నేను చూశాను.

మంగళవారం పట్టుకున్నారు. నాకు ఆ వారం చివర్లో తెలిసింది, వాడి గదివాడెవడో ఇంటికి ఫోను చేస్తే. లాంచివాడి సొంత కాగితాలు బాగానే ఉన్నాయి, వాణ్ని వదిలేశారు. లుంగీ కట్టుకుని బస్తాల పక్కన నిలబడ్డవాణ్ని జైల్లో వేశారు.

నర్సవ్వకు ఎవరూ చెప్పలేదు. తోవలో ఉన్నాడని చెబుతూ వచ్చారు. ఆ తోవ అనే మాట ముందు చెప్పింది నేనే కాబట్టి అందరూ నన్నే అడిగేవాళ్లు, ఎన్ని రోజులు పడుతుంది, సముద్రంలో ఎట్లా ఉంటుంది అని. నేను చెప్పేవాణ్ని. గాలి ఎదురుగా ఉంటే ఆలస్యమవుతుందనీ, లాంచీలు ఒడ్డున ఆగి ఆగి పోతాయనీ చెప్పేవాణ్ని. ఆమె కళ్లు తలుపు మీదే పెట్టుకుని ఇంకో వారం లాగింది. లాగింది అంటున్నాను, ఎందుకంటే అది బతకడం కాదు. నేను చెప్పిన గాలి, నేను చెప్పిన ఒడ్డు పట్టుకుని లాగింది. తర్వాత పోయింది.

తలకొరివి ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. దగ్గరి పాలివాళ్లు ఎవరూ లేరు. జైలు నుంచి గంగారాం ఒక్క ఫోను చేసుకునే వీలు దొరికితే ఇంటికి చేశాడు. భార్య ఫోను పట్టుకుని అందరి ముందు చెప్పింది, “తమ్మిని పెట్టుమన్నడు. తమ్మైతెనే అవ్వ ఒప్పుకుంటదన్నడు.”

పెట్టాను. తడి బట్టలతో కుండ భుజాన పెట్టుకుని తిరిగాను. కట్టెల మీద నిప్పు పెట్టాను. మా అమ్మకు పెట్టలేకపోయిన చేత్తో గంగారాం తల్లికి పెట్టాను. అప్పుడు ఏమనిపించిందని అడుగుతారు మీరు. దుఃఖం వచ్చిందని చెబితే మీకు నేను కొంచెం మంచివాడిగా కనబడతాను. దుఃఖం తర్వాత వచ్చింది. మొదట వచ్చింది తృప్తి. వాడు మా అమ్మ దినాల అన్నం తిన్నాడు, నేను వాడి అమ్మకు నిప్పు పెట్టాను, సరికి సరి అనుకున్నాను. నిప్పు పెడుతూ అనుకున్నాను. ఆ మంటకు నా ముఖం కాలుతోంది, అయినా అట్లాగే అనుకున్నాను. వెనక్కి చూడకుండా రమ్మన్నారు. చూడలేదు. ఇంటికి వచ్చాక, నర్సవ్వ నా చేతిని పట్టుకున్న చోటు వంక చూసుకుంటూ చాలాసేపు బావి గట్టున కూర్చున్నాను. పసుపు పోయింది కానీ నేను రుద్దుతూనే ఉన్నాను.

ఊరు మారిపోయింది. తల్లి చచ్చినా రానివాడని అన్న నోళ్లే, పరాయి తల్లికి కొడుకైనాడు అన్నాయి. హోటల్లో ఛాయ్‌కు డబ్బులు తీసుకోలేదు ఒకసారి.

ఆ దేశం వాళ్లు కాగితాలు లేనివాళ్లకు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు గంగారాం వచ్చాడు. జుట్టు తెల్లబడింది. ఎడమ చెవి సరిగా వినబడదు, జైల్లో ఏమైందో చెప్పలేదు. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా డ్రమ్ముల దగ్గరికి వచ్చాడు. పనివాళ్లందరి ముందు నా కాళ్ల మీద పడ్డాడు. డ్రమ్ము చప్పుడు ఆపించి చెప్పాడు, సెలవు పోతుందని మా అమ్మ చావు దాచానని, దినాలకు వచ్చి అబద్ధం చెప్పానని, అన్నీ. ఒక్కటి కూడా దాచుకోలేదు. ఏడుస్తూ చెప్పాడు. నర్సవ్వ కాళ్ల మీద వేయిస్తానంది, వేయించింది.

నాకు ఒళ్లు మండింది. మీరు నమ్ముతారా? ఒప్పుకోవడంలో కూడా వాడే నాకంటే ముందున్నాడు. అందరిముందు తేలికై లేచాడు. నేను భుజం పట్టి లేపాను. పోనీ అన్నా, అయిపోయింది అన్నాను. పనివాళ్లు కళ్లు ఒత్తుకున్నారు.

ఆ సాయంత్రం వాడు లాంచి సంగతి చెప్పాడు. పొద్దు గుంకేటప్పుడు పడవ వచ్చిందట. ఎండ మీద పలక పసుపుగానే కనబడిందట, దగ్గరికి వచ్చాక నీలమట. “మళ్ల వంతు మార్చిన్రేమో తమ్మీ. నువ్వు సరిగ్గనే చెప్పినవ్. నా నసీబే సక్కగ లేదు” అన్నాడు. నేను చెప్పాల్సిన ఘడియ అదే. “మార్చిన్రు కావచ్చు” అన్నాను.

అప్పటి నుంచి ఏటా పెత్రమాస నాడు వాడు మా ఇంటికి వస్తాడు. చనిపోయినవాళ్ల పేరున అయ్యగారికి బియ్యం ఇచ్చేటప్పుడు వాళ్ల అమ్మ పేరుతో పాటు మా అమ్మ పేరూ చెబుతాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెబుతాడు. చెవి వినబడదు కాబట్టి గట్టిగా చెబుతాడు, గల్లీ అంతా వినేలా. ప్రతిసారీ చెబుదామనుకుంటాను. ప్రతిసారీ, వాడి నోట్లో మా అమ్మ పేరు వినగానే పాత మంట లేస్తుంది, నోరు మూసుకుపోతుంది. వాడు జైల్లో ఉన్న రోజులు వాడు చేసినదానికి సరిపోయాయా? సరిపోయాయి. ఎక్కువే అయ్యాయి. మరి మంట ఎందుకు ఆరదు? బహుశా అది వాడి మీద కాదేమో. అది తెలుసుకోవడం ఇష్టం లేక వాడి మీదే ఉంచుకున్నానేమో.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు ఉన్న మనిషికి నా చేతులతో నిప్పు పెట్టాను. ఇది వాడికి ఎప్పుడైనా చెబుతానో లేదో కూడా మాట ఇవ్వను. రాయడం వరకు రాశాను. భుజం కొంచెం తేలికైంది, అంతే. అది కూడా నాకు ఎక్కువే.

ఒక్కటి మాత్రం మిగిలింది. ఆ శనివారం మధ్యాహ్నం వాడు నన్ను ఒక మాట అడిగాడు. దానికి నేను ఇంతవరకు నిజమైన జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

వంతు మారలేదు, అన్నా. సోమారం దాంకనే పసుపు. సోమారమే పో. అవ్వ సూస్తుంది.